చిన్న బోరు రైఫిలు, జింక వేట: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గత సంచికలో .22 రైఫిలును (గొట్టం లోపలి వ్యాసం, అంటే బోరు, సుమారు 0.22 అంగుళం ఉన్నది) శుభ్రం చేసి భద్రపరిచే పద్ధతి గురించి రాసిన తర్వాత వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం నేను ఎదురుచూడని వైపు, అంటే జింక వేట వైపు తిరిగాయి. విదేశాల్లో చట్టబద్ధంగా వేటకు వెళ్ళే పిల్లల గురించి హైదరాబాదులోని తల్లిదండ్రులు అడిగారు. ఇక్కడి పొలాలలో పడుతున్న జింకల గురించి భూములున్నవారు అడిగారు. ఈ ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవే కనుక ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నేను కూకట్‌పల్లిలో ఉంటున్న విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని. వయసులో ఉన్నప్పుడు రైఫిల్ క్లబ్బులో .22 తో గురి అభ్యాసం చేసేవాణ్ణి. డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఈ చలికాలం తోటి ఉద్యోగులతో కలిసి జింక వేటకు వెళ్తానంటున్నాడు. అతని చేతికి ఇవ్వబోయేది .223 రైఫిలు. నేను వాడిన .22 గుండుకూ దీనికీ మందంలో తేడా లేనట్టే కదా. అంత సన్నని గుండుకు జింక పడుతుందా? పడకపోతే ఆ జంతువు గతి ఏమిటి?

జవాబు: మీ ప్రశ్నలోని రెండో సగం నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. వేటకు వెళ్ళేవారిలో చాలామంది మొదటి సగం దగ్గరే ఆగిపోతారు.

మందం విషయంలో మీరు చెప్పింది నిజమే. రెండు గుండ్ల వ్యాసమూ సుమారు 5.7 మిల్లీమీటర్లే. తేడా అంతా వాటి వెనక ఉన్న మందుగుండులోనూ, దానివల్ల వచ్చే వేగంలోనూ ఉంది. మీరు క్లబ్బులో కాల్చిన .22 లాంగ్ రైఫిల్ గుండు 40 గ్రెయిన్లు, అంటే దాదాపు 2.6 గ్రాముల బరువుతో, సెకనుకు 380 మీటర్ల వేగంతో గొట్టం దాటుతుంది. దాని శక్తి సుమారు 190 జౌళ్ళు. .223 రెమింగ్టన్‌లో సాధారణంగా వాడే 55 గ్రెయిన్ల గుండు దానికన్నా ఒక గ్రాము మాత్రమే బరువైనది, కానీ సెకనుకు 990 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది 1,740 జౌళ్ళ దాకా చేరుతుంది. అంటే మందం ఒకటే అయినా శక్తి తొమ్మిది రెట్లు.

అయితే ఈ పెద్ద అంకె గొట్టం చివర కొలిచినది. జింక అక్కడ నిలబడి ఉండదు. తేలికైన గుండు గాలి తాకిడికి త్వరగా వేగం కోల్పోతుంది కనుక, అదే 55 గ్రెయిన్ల గుండులో 100 గజాల దగ్గర 1,250 జౌళ్ళు, 200 గజాల దగ్గర 880 జౌళ్ళు మాత్రమే మిగులుతాయి. జింక వేటకు చాలామంది ఎంచుకునే .243 వించెస్టర్‌ను పక్కన పెట్టి చూడండి. దాని 100 గ్రెయిన్ల గుండు 200 గజాలు ప్రయాణించిన తర్వాత కూడా, .223 గుండుకు గొట్టం చివర ఉన్నంత శక్తితో, సుమారు 1,800 జౌళ్ళతో తగులుతుంది. రెండింటి వ్యాసాల మధ్య తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. బరువే ఇక్కడ అంత పని చేస్తోంది.

అమెరికాలోని రాష్ట్రాలు ఈ విషయంలో ఒక్కమాట మీద లేవు. మీ అబ్బాయి ఉండే టెక్సస్‌లో రిమ్‌ఫైర్ తూటాలతో, అంటే మీరు వాడిన .22 లాగా అడుగు అంచున దెబ్బ తగిలితే పేలేవాటితో, జింకను వేటాడటం నిషిద్ధం. సెంటర్‌ఫైర్ తూటాలకు, అంటే అడుగు మధ్యలో దెబ్బ తగిలితే పేలేవాటికి, కనీస వ్యాసం అంటూ ఏదీ విధించలేదు కనుక .223 అక్కడ చట్టబద్ధమే. వర్జీనియాలో జింక వేటకు .23 లేదా అంతకన్నా పెద్ద రైఫిలు ఉండాలి. కొలరాడోలో కనీసం 6 మిల్లీమీటర్ల వ్యాసం, 70 గ్రెయిన్ల, తగలగానే విచ్చుకునే గుండు, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి, అంటే సుమారు 1,356 జౌళ్ళు ఉండాలన్నారు. మీ అబ్బాయికి ఇవ్వబోయే 55 గ్రెయిన్ల తూటా ఈ మూడింటిలో దేన్నీ అందుకోలేదు. ఇంగ్లండ్‌లో 1991 నాటి జింకల చట్టం .240 అంగుళాల వ్యాసాన్నీ, గొట్టం చివర 1,700 ఫుట్-పౌండ్లనూ కనీసంగా పెట్టింది. ఆ తర్వాత 2007లో మంట్‌జాక్, చైనీస్ వాటర్ డీర్ అనే రెండు చిన్న జాతులకు మాత్రం.220 వ్యాసాన్నీ, 1,000 ఫుట్-పౌండ్లనూ, 50 గ్రెయిన్లకు తగ్గని మెత్తని మొన గుండునూ అనుమతించింది. మంట్‌జాక్ అంటే నిండా 20 కిలోలు కూడా తూగని జంతువు. చిన్న గుండుకు చిన్న జంతువు అన్న ఆ కొలత నాకు న్యాయంగా కనిపిస్తుంది.

శక్తి లెక్కలు ఎన్ని చెప్పుకున్నా, చివరికి జంతువును చంపేది గుండు చేసే గాయమూ, దానివల్ల జరిగే రక్తస్రావమూ. ముందుకాలి భుజం వెనుక, ఛాతీలో కింది నుంచి మూడోవంతు ఎత్తున, ఊపిరితిత్తులు, గుండె కలిసి ఉండే భాగం తెల్లతోక జింకలో సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అక్కడికి చేరిన గుండు రెండు ఊపిరితిత్తులనూ చీల్చుకొని అవతలి వైపు బయటపడితే జింక కొద్ది క్షణాలలోనే పడిపోతుంది. కష్టమంతా అక్కడికి చేరడంలోనే ఉంది. .223 కోసం మార్కెట్లో దొరికే తూటాలలో చాలా భాగం కొయోట్, ప్రెయిరీ డాగ్ వంటి చిన్న జంతువుల కోసం తయారైనవి. వాటి గుండ్లు తగిలిన వెంటనే ముక్కలైపోయేలా పలుచని పొరతో ఉంటాయి. అటువంటి గుండు జింక భుజపుటెముకకు తగిలితే పైపైన పెద్ద పుండు చేస్తుంది తప్ప లోపలికి దిగదు. దానికి పూర్తి వ్యతిరేకమైనది గట్టి లోహపు తొడుగు పూర్తిగా కప్పిన సైనిక గుండు. అది విచ్చుకోకుండా సన్నని రంధ్రం చేసి సాగిపోతుంది. చాలా రాష్ట్రాలలో పెద్ద జంతువుల వేటకు దాన్ని నిషేధించారు. ఈ రెండూ కాకుండా, పూర్తి రాగితో చేసినవో, లోపలి సీసాన్ని తొడుగుకు గట్టిగా అతికించినవో అయిన 60 నుంచి 77 గ్రెయిన్ల గుండ్లు దొరుకుతాయి. జింకకు .223 వాడక తప్పకపోతే వాడవలసినవి అవే. అయితే పొడవైన బరువు గుండు తిన్నగా సాగాలంటే గొట్టం లోపల గుండును తిప్పే గాడుల మెలిక బిగువుగా, 7 లేదా 8 అంగుళాలకు ఒక చుట్టు చొప్పున ఉండాలి. 12 అంగుళాలకు ఒక చుట్టు ఉన్న పాత రైఫిళ్ళలో అవి నిలకడగా పోవు. తుపాకి ఇచ్చే మిత్రుణ్ణి ఈ ఒక్క సంగతి తప్పక అడగమనండి.

ఇక నా అభిప్రాయం. ఓపికగల, అనుభవమున్న వేటగాడి చేతిలో .223 జింకను చంపగలదు. ఏటా ఎందరో చంపుతూనే ఉన్నారు. కానీ అది పొరపాటును క్షమించని తుపాకి. గురి నాలుగు వేళ్ళు పక్కకు పోయినప్పుడు, జంతువు ఆఖరి క్షణంలో ఒక అడుగు కదిలినప్పుడు, బరువైన గుండు పనిని ఎలాగో పూర్తి చేస్తుంది, తేలికైన గుండు గాయం చేసి వదిలేస్తుంది. ఆ మిగులు బలం ఉన్నది జింక కోసం, వేటగాడి కోసం కాదు. వెనక్కు తన్నదు కాబట్టి కొత్తవారికి చిన్న బోరు మంచిదనే వాదనలో కొంత నిజముంది, ఎందుకంటే తన్నుకు భయపడి కళ్ళు మూసుకొని ట్రిగ్గర్ లాగేవాడి గుండు ఎంత పెద్దదైనా వృథాయే. కానీ .243 తన్ను కూడా ఒక రోజు అభ్యాసంతో అలవాటయ్యేదే. కనుక ఆ మిత్రుల దగ్గర .243 ఉంటే అదే తీసుకోమని మీ అబ్బాయికి చెప్పండి. .223 తప్ప వేరే లేకపోతే, 100 గజాలు దాటి కాల్చకూడదు. జింక పక్కకు తిరిగి నిలబడినప్పుడు తప్ప, ఎదురుగా ఉన్నప్పుడు గానీ, వెనక్కు తిరిగినప్పుడు గానీ, పరుగెత్తుతున్నప్పుడు గానీ కాల్చకూడదు. తలకు గురిపెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకూడదు. మెదడు చిన్నది, తల ఎప్పుడూ కదులుతూ ఉంటుంది, దవడ విరిగిన జింక మేయలేక రోజుల తరబడి ఆకలితో చస్తుంది.

మీరు అడిగిన గతి అదే. చిన్న గుండు అవతలి వైపు బయటపడకపోతే నేల మీద నెత్తురు జాడ చాలా తక్కువగా పడుతుంది, పొదల్లోకి వెళ్ళిన జింక దొరకదు. కాల్చిన తర్వాత కనీసం అరగంట కదలకుండా కూర్చొని, అప్పుడు తగిలిన చోటు నుంచి జాడ పట్టాలి. పొట్టలో తగిలిందని అనుమానముంటే గంటల తరబడి ఆగాలి, లేకపోతే తరిమినకొద్దీ అది ఇంకా దూరం పోతుంది. వెతకడానికి పూర్తి రోజు కేటాయించలేనివాడు కాల్చకుండా ఉండటమే మేలు.

మరొక సంగతి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. మీ అబ్బాయి హెచ్1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉంటే, అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం తుపాకి గానీ తూటా గానీ చేత పట్టుకోవడమే నేరం. అక్కడి ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. అంటే మిత్రుడి తుపాకే కదా అని లైసెన్సు లేకుండా గురి అభ్యాసం చేసే రేంజిలో ఒక్కసారి పేల్చి చూసినా చిక్కే. పైగా టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేటగాళ్ళ శిక్షణ తరగతి పూర్తిచేయాలి. ముందు శిక్షణ, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే తుపాకి. ఈ వరుస తప్పవద్దని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: కెనడాలో ఒక మహిళ .22 రైఫిలుతో ప్రపంచంలోనే పెద్దదైన గ్రిజ్లీ ఎలుగుబంటిని చంపిందని చదివాను. ఎలుగుబంటికే చాలినది జింకకు ఎందుకు చాలదు? (తార్నాక నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ సంఘటన నిజమే. ఆమె పేరు బెల్లా ట్విన్, క్రీ తెగకు చెందిన మహిళ. 1953 మే 10న ఆల్బర్టా రాష్ట్రంలోని స్లేవ్ లేక్ సమీపంలో, ఒక్కొక్క తూటా చొప్పున నింపుకునే కూయీ .22 రైఫిలుతో ఆమె ఆ ఎలుగుబంటిని చంపారు. అప్పటికి అది ప్రపంచ రికార్డు. కానీ ఆమె దాన్ని వేటాడటానికి వెళ్ళలేదు. అడవి దారిలో అది చాలా దగ్గరకు వచ్చేసింది. చేతిలో ఉన్నది అదొక్కటే తుపాకి. పుర్రె ఎక్కడ పలుచగా ఉంటుందో జీవితమంతా ఉచ్చులు వేసి బతికిన ఆమెకు తెలుసు. కణత పక్కన కొట్టి పడగొట్టిన తర్వాత కూడా, అది మళ్ళీ లేవకూడదని మరికొన్ని తూటాలు తలలోకి పేల్చారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేసిన పనిని సరదాకు చేసే పనికి ప్రమాణంగా తీసుకోకూడదు.

ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను చంపిన డబ్ల్యూ.డి.ఎం. బెల్ పేరు కూడా ఇటువంటి వాదనలలో వస్తూ ఉంటుంది. ఆయన ఎక్కువగా వాడినది 7 మిల్లీమీటర్ల .275 రిగ్బీ. ఏనుగుకు అది చిన్నదే. కానీ పొడవైన, విచ్చుకోని, బరువైన గుండును ఎంచుకొని, ఏనుగు పుర్రెలను కోసి మెదడు స్థానాన్ని అధ్యయనం చేసిన తర్వాత ఆయన కాల్చేవాడు. ఈ కథలలో తుపాకి చిన్నది, జ్ఞానం పెద్దది. మొదటి దానిని మాత్రమే అనుకరించేవారి వల్లే జంతువులు హింస పడుతున్నాయి.

ప్రశ్న: మేము మలక్‌పేటలో ఉంటాము. నారాయణపేట జిల్లాలో మాకున్న భూమిలో కృష్ణజింకలు మందలుగా పడి కంది, పత్తి మొలకలను మేసేస్తున్నాయి. మా తాతగారి కాలం నుంచి ఇంట్లో లైసెన్సు ఉన్న .22 రైఫిలు ఉంది. చంపకుండా కాలికి తగిలేలా కాల్చి భయపెడితే తప్పవుతుందా?

జవాబు: తప్పవుతుంది, తీవ్రమైన నేరమవుతుంది. పంట పోయిన బాధ నాకు తెలియనిది కాదు, అయినా ఈ విషయంలో మెత్తగా చెప్పలేను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో కొన్ని జంతువులను లైసెన్సు మీద వేటాడనిచ్చేది. 1991 సవరణ ఆ తలుపును మూసేసింది. చంపడమే కాదు, గాయపరచడం, ఉచ్చు పెట్టడం, తరమడం, చివరికి ప్రయత్నించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. కనుక కాలికి కాల్చినా వేటాడినట్టే. కృష్ణజింక ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న జంతువుల జాబితా అయిన మొదటి షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలులోని జంతువును వేటాడితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. నేరానికి వాడిన తుపాకి, వాహనం పోతాయి. పంట నష్టం కారణంగా జంతువును చంపడానికి అనుమతినిచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు ఉన్నమాట నిజమే గానీ, అది రెండో షెడ్యూలు జంతువులకు వర్తిస్తుంది. మొదటి షెడ్యూలు జంతువు విషయంలో మనుషుల ప్రాణానికి ముప్పు, లేదా నయం కాని గాయం, జబ్బు మాత్రమే కారణాలు కాగలవు. మన దగ్గర అడవిపందుల విషయంలో అనుమతులు ఇస్తున్నారు కదా అని కృష్ణజింకకు అదే దారి ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

తుపాకి సంగతి వేరుగా చూడాలి. 1959 నాటి ఆయుధాల చట్టం .22 రైఫిలును రైఫిల్ క్లబ్బు సభ్యుడి గురి అభ్యాసానికి ఉద్దేశించిన ఆయుధంగా పేర్కొంది. పంట రక్షణ కోసం అది చెప్పింది మందు దట్టించి కాల్చే పాత తరహా తుపాకిని. పైగా లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. మీ తాతగారు లేకపోతే ఆ రైఫిలు మీ బీరువాలో ఉండటమే నేరమవుతుంది. వెంటనే పోలీస్ స్టేషనులో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ దాన్ని జమచేసి, వారసుడి పేరు మీదికి మార్చమని దరఖాస్తు చేయండి. నగరంలో లైసెన్సు అధికారి పోలీస్ కమిషనరే. 2019 సవరణ ప్రకారం ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదని కూడా గుర్తుంచుకోండి.

పొలానికి సోలార్ కంచె, మొలక దశలో రాత్రి కాపలా, అటవీశాఖకు నష్టపరిహారం దరఖాస్తు, ఈ మూడూ నెమ్మదిగా పనిచేసేవే అయినా చట్టం ఒప్పుకునే దారులు అవే. కరెంటు లైను నుంచి నేరుగా తీగ లాగే ఆలోచన మాత్రం ఎన్నడూ చేయవద్దు. ఆ తీగకు జింకలతోపాటు పక్క పొలం రైతులూ బలవుతున్నారు.

ప్రశ్న: నేను గచ్చిబౌలిలో చదువుకుంటున్న విద్యార్థినిని. మా ప్రాంగణం పక్క పొదలలో ఒక చుక్కల జింక పొట్ట దగ్గర చిన్న రంధ్రంతో, కుంటుతూ కనిపించింది. కుక్క కాటు కాదనిపిస్తోంది. మేము పట్టుకొని ఆసుపత్రికి తీసుకువెళ్ళవచ్చా?

జవాబు: పట్టుకోవద్దమ్మా. గాయపడిన జింకను తరిమితే ఆ భయానికి, శ్రమకు దాని కండరాలే దెబ్బతిని, గాయం వల్ల చావనిది ఆ ఒత్తిడి వల్ల చస్తుంది. దూరంగా ఉండి అది ఎక్కడ పడుకున్నదో గమనిస్తూ, కుక్కలను రానివ్వకుండా, వెంటనే అటవీశాఖకు తెలియజేయండి. మత్తుమందు ఇచ్చి పట్టుకునే శిక్షణ ఉన్నవారు వస్తారు. మీరు ఫొటో తీసి ఉంటే, తీసిన చోటు, సమయం రాసి వారికి ఇవ్వండి.

రంధ్రం చిన్నదని గాయం చిన్నదనుకోకూడదు. .22 గుండు గానీ బలమైన ఎయిర్‌గన్ గుండు గానీ చర్మం మీద చేసే రంధ్రాన్ని వెంట్రుకలే కప్పేస్తాయి; లోపల పేగు తెగితే చీము పట్టి రోజుల తరబడి బాధపడి చస్తుంది. ఈ నగరం చుట్టూ దొంగచాటుగా వేటాడేవారు చిన్న బోరునే ఎంచుకోవడానికి కారణం దాని చప్పుడు తక్కువ కావడం. తెలంగాణ తన రాష్ట్ర జంతువుగా ఎంచుకున్నది ఈ చుక్కల జింకనే. అది నగరం నడుమ ఇలా చావడం నాకు భరించరానిదిగా ఉంది, అందుకే మీరు ఫిర్యాదును రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోమని కోరుతున్నాను.

ప్రశ్న: డెన్వర్‌లో ఉన్న మా కోడలు గర్భవతి. అల్లుడి వరుసయ్యే మిత్రుడొకరు వేటాడిన జింక మాంసం పంచుతుంటారట. తినవచ్చా? (దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందుగా ఏ గుండుతో కాల్చారో అడగమనండి. సీసపు గుండు వేగంగా తగిలినప్పుడు కంటికి కనిపించని ముక్కలుగా చెదిరి, గాయానికి చాలా దూరం దాకా మాంసంలో చేరుతుంది. ఎక్స్‌రే తీస్తే తెల్లని చుక్కలుగా కనిపిస్తాయి. చిన్న బోరు, ఎక్కువ వేగం, పలుచని గుండు కలిస్తే ఈ చెదరడం ఇంకా ఎక్కువ. వండినా కడిగినా సీసం పోదు, కడుపులోని బిడ్డకు అది చేటు. పూర్తి రాగి గుండుతో కాల్చినదైతే ఆ భయం లేదు. కాండర్ రాబందులు వేటగాళ్ళు వదిలిన కళేబరాలు తిని సీసంతో చనిపోతున్నందున కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది. మీ కోడలు ఉండే కొలరాడోలో ఆ నిబంధన లేదు కాబట్టి, గుండు సంగతి తేలనంత వరకు మీ కోడలు ఆ మాంసం తినకపోవడమే మంచిది.

ప్రశ్న: అమెరికా నుంచి వచ్చే మా తమ్ముడు వేట గుర్తుగా ఒక తూటా తెస్తానంటున్నాడు. తేవచ్చా? (సైనిక్‌పురి)

జవాబు: తేవద్దని ఈరోజే చెప్పండి. పేలని తూటా ఒక్కటి సామానులో దొరికినా, లైసెన్సు లేకపోతే శంషాబాద్ విమానాశ్రయంలోనే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. వేటకు వాడిన సంచినే ప్రయాణానికి కూడా వాడుతుంటే, బయలుదేరే ముందు దాని ప్రతి జేబునూ తిరగేసి దులపమనండి. మరచిపోయిన తూటాలు దొరికేది ఎక్కువగా అక్కడే.